‘అంతు చూస్తా’ అన్న కామెంటు ఎప్పుడు నేరమవుతుంది?

కావలి దగ్గర ఒక ఊరు అనుకుందాం. రొయ్యల గుంటల్లోంచి వదిలే ఉప్పు నీళ్లు కాలవలో కలిసి వరి మళ్లు చవుడు తేలుతున్నాయని ఒకామె ఫొటోలు తీసి ఫేస్‌బుక్కులోనూ ఊరి వాట్సాప్ గ్రూపులోనూ పెట్టింది. కింద మూడు కామెంట్లు పడ్డాయి. మొదటిది: “ఈ గుంటలోళ్లు, వాళ్లని కాసే నాయకులు, అందరూ దొంగ నాయాళ్లే.” రెండోది: “ఏంది నువ్వు మాట్లాడేది? నీ అంతు చూస్తా.” మూడోది: “పాప రోజూ ఆరున్నర బస్సుకి దిగుద్ది గదా. ఆ రోడ్డులో లైట్లు గూడా లేవు. జాగర్త అక్కా.”

చదవగానే ఒళ్లు మండేది మొదటిదాన్ని చూసి. అందులో పేరున్న నాయకుడు ఎవరైనా తగిలితే ఆయన అనుచరులు గంటలో స్టేషను ముందుంటారు. కానీ ఆ తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టనివ్వనిది మూడోది. అందులో ఒక్క తిట్టు లేదు. ‘అక్కా’ అనే మర్యాద కూడా ఉంది. ఉన్నదల్లా ఒక పిల్ల, ఒక బస్సు టైము, చీకటి రోడ్డు.

వాక్ స్వాతంత్ర్యం గురించి, దాని హద్దుల గురించి మన దగ్గర జరిగే వాదన చాలావరకు మొదటి కామెంటు చుట్టూనే తిరుగుతోంది. మాట మోటుగా ఉందా, పెద్దమనిషి పరువు పోయిందా అని చూస్తున్నారు. చట్టం అడిగే అసలు ప్రశ్న వేరు. ఆ మాట ఎవరి మీదికి గురి పెట్టారు, ఏ హాని చూపించి భయపెడుతున్నారు, ఏం ఆశించి అన్నారు అన్నదే ఆ ప్రశ్న. దీన్ని పక్కన పెట్టడం వల్ల రెండు వైపులా అన్యాయం జరుగుతోంది. నోరు జారినవాడు రిమాండుకి వెళ్తున్నాడు, నిజంగా బెదిరించినవాడు దర్జాగా తిరుగుతున్నాడు.

రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం పౌరులందరికీ భావ ప్రకటన స్వేచ్ఛ ఇచ్చింది. ఆ వెంటనే 19(2) దానికి హద్దులు గీసింది. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, ప్రజా శాంతి, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి పురికొల్పడం: వీటి కోసం ‘సహేతుకమైన’ ఆంక్షలు పెట్టవచ్చు. 1951లో మొదటి సవరణ, 1963లో పదహారో సవరణ ఈ జాబితాను ఇప్పటి రూపానికి తెచ్చాయి. ఈ జాబితాలో లేని కారణం చూపి మాటను ఆపడానికి వీల్లేదని 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం మరోసారి చెప్పింది. ‘మా నాయకుడి మనసు నొచ్చుకుంది’ అన్నది ఆ జాబితాలో ఎక్కడా లేదు.

సోషల్ మీడియా విషయంలో ఈ గీత తేటగా పడింది 2015 మార్చి 24న, శ్రేయా సింఘాల్ కేసులో. అంతకుముందు ఐటీ చట్టంలో 66ఎ అనే సెక్షను ఉండేది. చిరాకు, అసౌకర్యం కలిగించినా, పోస్టు ‘తీవ్ర అభ్యంతరకరంగా’ ఉన్నా మూడేళ్ల దాకా జైలు. 2012లో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబయి బంద్ గురించి ఒక అమ్మాయి ఫేస్‌బుక్కులో రాస్తే, ఇంకో అమ్మాయి లైక్ కొడితే, పాల్‌ఘర్‌లో ఇద్దరినీ అరెస్టు చేశారు. ఆ సెక్షన్ను సుప్రీంకోర్టు పూర్తిగా కొట్టేసింది. తీర్పు ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, రెండోవారు జస్టిస్ రోహింటన్ నారిమన్. ఆ తీర్పు మాటను మూడు మెట్లుగా చూసింది. ఒక విషయాన్ని చర్చించడం, దాన్ని సమర్థించి వాదించడం, దాని కోసం జనాన్ని నేరానికి ఉసిగొల్పడం. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా రక్షణ ఉంది. మూడో మెట్టు ఎక్కినప్పుడే ప్రభుత్వం చెయ్యి వెయ్యాలి.

ఈ మెట్ల తేడా నెల్లూరు జిల్లాకి తీర్పులు చదివితే గానీ తెలియనిది కాదు. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం రాత్రి బడుల్లో ఆడవాళ్లకు ఒక పాఠం చెప్పారు. తాగుడుతో చితికిపోయిన ఒక ఇల్లు, ఊరి ఆడవాళ్లంతా కలిసి సారా దుకాణం మూయించడం, అదీ పాఠం. కలిగిరి మండలం దూబగుంటలో చదివినవాళ్లు చదివి ఊరుకోలేదు, దుకాణం మీదికి వెళ్లారు. 1992లో అది జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సారా కాంట్రాక్టరు దృష్టిలో ఆ పాఠం పచ్చి రెచ్చగొట్టుడు. వాళ్ల వ్యాపారం పోయింది, వీధుల్లో గొడవలయ్యాయి, ప్రభుత్వ ఆదాయం పడిపోయింది. అయినా అది రాజ్యాంగం కాపాడాల్సిన మాటే. జనాన్ని ఆలోచింపజేసి, ఒక పని న్యాయమని ఒప్పించిన మాట అది. అదే రోజుల్లో కాంట్రాక్టర్ల మనుషులు ఆ ఆడవాళ్లకు చేసిన బెదిరింపులూ మాటలే. కానీ వాటి పని ఎదుటివాళ్ల నోరు మూయించడం. రెండిటినీ ఒకే గాటన కట్టి ‘ఇరువైపులా సంయమనం పాటించాలి’ అంటే అది బలవంతుడి పక్షాన నిలబడటమే అవుతుంది.

ఇప్పుడు బెదిరింపు సంగతి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 351వ సెక్షను. పాత ఐపీసీలో 503, 506, 507. ఒక మనిషి ప్రాణానికి, ఒంటికి, పరువుకి, ఆస్తికి, లేదా అతనికి కావలసినవాళ్ల ఒంటికి, పరువుకి హాని చేస్తామని చెప్పాలి. చెప్పడంలో ఉద్దేశం అతన్ని భయపెట్టడమో, చేయనవసరం లేని పని చేయించడమో, చేసే హక్కున్న పని మాన్పించడమో కావాలి. మామూలు బెదిరింపుకు రెండేళ్ల దాకా శిక్ష. చంపుతామని, తీవ్రంగా గాయపరుస్తామని, ఇల్లు తగలబెడతామని అన్నా, ఆడమనిషి శీలం మీద నింద వేస్తామని బెదిరించినా ఏడేళ్ల దాకా ఉంటుంది. పేరు, ఊరు దాచుకుని దొంగ ఖాతాతో చేస్తే దానికి ఇంకో రెండేళ్ల దాకా కలుస్తుంది.

ఇందులో కీలకం ఉద్దేశం. 2015 జనవరిలోనే మాణిక్ తనేజా కేసులో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. బెంగళూరులో ఒక రోడ్డు ప్రమాదం తర్వాత పోలీసు అధికారి తమతో దురుసుగా ప్రవర్తించాడని భార్యాభర్తలు ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో రాశారు. పోలీసులు వాళ్ల మీద బెదిరింపు కేసు పెట్టారు. భయపెట్టే ఉద్దేశం లేకుండా కేవలం మాటలు వాడినంత మాత్రాన బెదిరింపు నేరం కాదని కోర్టు ఆ కేసు కొట్టేసింది. కష్టం చెప్పుకున్న పౌరుడి మీదే బెదిరింపు సెక్షను వాడటం చూస్తే, ఈ ఆయుధం ఎటు తిరగగలదో అర్థమవుతుంది.

మరి ఉద్దేశం ఎలా తెలుస్తుంది? మన వైపు ‘తాట తీస్తా’, ‘నీ అంతు చూస్తా’, ‘నీ సంగతి తేలుస్తా’ అనేవి పొలం గట్టు మీదా టీ బంకు దగ్గరా రోజూ వినిపించేవే. అన్నదమ్ములు కూడా అనుకుంటారు, సాయంత్రానికి కలిసి తింటారు. అందుకని మాటను ఒంటరిగా తీసి తూకం వేస్తే తప్పు తూకమే వస్తుంది. అన్నది ఎవరు, అతని వెనక ఎవరున్నారు, ఇద్దరి మధ్య పాత తగాదా ఉందా, ఇంటి చిరునామా, పిల్లల బడి, బండి నంబరు లాంటివి ఎత్తాడా, ఒక్కసారి అని వదిలేశాడా, రోజూ వెంటపడుతున్నాడా, ఫోన్లో ఇంకా ఏమన్నాడు అన్నవన్నీ కలిపి చూడాలి. హైదరాబాదు హాస్టల్లో కూర్చున్న కుర్రాడు తన హీరోని ఏదో అన్నారని ‘నరుకుతా’ అనడం వేరు. ఇసుక ట్రాక్టర్ల మీద ఫిర్యాదు చేసినవాడికి ఆ ట్రాక్టర్ల యజమాని తాలూకు మనిషి ‘నీ ఇల్లు మాకు తెలుసులే’ అనడం వేరు. మొదటి మాటలో కత్తి ఉంది. రెండో మాటలో కత్తి లేదు, కానీ వాడి దగ్గర ఉంది.

పైన చెప్పుకున్న మూడో కామెంటు మీద కోర్టులో వచ్చే వాదన కూడా ఊహించవచ్చు. ‘జాగ్రత్త చెప్పాడండీ, తప్పేముంది?’ అంటారు. అప్పుడు చూడాల్సింది ఆమె పోస్టు పెట్టిన విషయానికీ పిల్ల బస్సు టైముకీ ఉన్న సంబంధం. ఏ సంబంధమూ లేదు. రొయ్యల గుంటల గురించి రాసినామెకి కూతురి రాకపోకలు గుర్తు చేయడంలో ఒకే అర్థం ఉంది: నువ్వు రాయడం ఆపు. చేసే హక్కున్న పనిని మాన్పించడం అని చట్టం అన్నది సరిగ్గా దీన్నే.

నెల్లూరు, ఒంగోలు నుంచి అమెరికా వెళ్లిన కుటుంబాలు చాలా ఉన్నాయి గనక అక్కడి సంగతీ ఒక మాట. అమెరికా రాజ్యాంగం మాటకు మనకన్నా చాలా పెద్ద చోటు ఇస్తుంది. 1966లో ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడు, తనని బలవంతంగా సైన్యంలో చేర్చుకుని తుపాకీ ఇస్తే ముందు గురిపెట్టేది అధ్యక్షుడు జాన్సన్‌కే అన్నాడు. అది రాజకీయ అతిశయోక్తి తప్ప బెదిరింపు కాదని 1969లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అంత స్వేచ్ఛ ఉన్నచోట కూడా నిజమైన బెదిరింపుకు రక్షణ లేదు. తన మాట ఎదుటివాళ్లకి బెదిరింపుగా తగులుతుందని తెలిసీ లెక్కచేయకుండా అన్నాడని రుజువైతే చాలని 2023లో కౌంటర్‌మన్ కేసులో చెప్పింది. డాలస్‌లో కూర్చుని ఇక్కడి ఊరి గ్రూపులో ‘వచ్చానంటే చంపుతా’ అని పెట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. భారత పౌరుడు విదేశంలో ఉండి చేసిన నేరానికీ మన న్యాయ సంహిత వర్తిస్తుంది.

ఇక అరెస్టులు. మన రాష్ట్రంలో ఏ పార్టీ అధికారంలో ఉన్నా ప్రతిపక్షం వాళ్ల పోస్టుల మీద కేసులు పడటం, తెల్లవారుజామున ఇంటికి పోలీసులు రావడం, ఒకే పోస్టు మీద అనేక జిల్లాల్లో ఫిర్యాదులు అందడం జనం చూస్తూనే ఉన్నారు. 2024 నవంబరులో సినీ దర్శకుడు రాంగోపాల్ వర్మ మీద కేసు నమోదైంది ప్రకాశం జిల్లా మద్దిపాడు స్టేషనులో. చంద్రబాబు నాయుడు తదితర నేతల ఫొటోలు మార్ఫింగ్ చేసి పెట్టారన్నది ఆరోపణ. డిసెంబరులో హైకోర్టు ఆయనకు ముందస్తు బెయిలు ఇచ్చింది, 2025 ఫిబ్రవరిలో ఒంగోలు రూరల్ స్టేషనులో విచారణకు హాజరయ్యారు. ఆ కేసు మంచిచెడ్డలు కోర్టు చూసుకుంటుంది. గమనించాల్సింది ఏమంటే, పేరున్న మనిషికి వకీళ్లు ఉంటారు, హైకోర్టు దాకా వెళ్లే శక్తి ఉంటుంది. అదే ఆరోపణ కనిగిరిలో సెల్‌ఫోన్ షాపులో పనిచేసే కుర్రాడి మీద వస్తే బెయిలు వచ్చేలోపే అతని ఉద్యోగం పోతుంది. ఊళ్లో ‘జైలుకి పోయొచ్చినోడు’ అన్న పేరు ఉండిపోతుంది. శిక్ష పడకముందే అతను శిక్ష అనుభవించినట్టే.

దీన్ని ఆపడానికి కావలసిన నియమాలు ఉన్నాయి. ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని, ముందు నోటీసు ఇచ్చి పిలవాలని 2014లో అర్నేశ్ కుమార్ తీర్పు చెప్పింది. ఇప్పుడు ఆ నోటీసు, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 35(3) కింద ఇస్తారు. మూడేళ్లు గానీ అంతకు మించి గానీ, ఏడేళ్లకు లోబడి గానీ శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ చేసే వీలు అందులోనే 173(3) కల్పించింది. 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో, ఒక కవితను వీడియోకి జోడించి పెట్టినందుకు గుజరాత్ పోలీసులు పెట్టిన కేసును సుప్రీంకోర్టు కొట్టేసింది. మాటకు సంబంధించిన కేసుల్లో ఈ ప్రాథమిక విచారణ దారిని వాడాలని చెప్పింది. ఆ మాట ప్రభావాన్ని గట్టి మనసున్న మామూలు మనిషి కొలతతో చూడాలే తప్ప ప్రతి విమర్శలోనూ ప్రమాదం పసిగట్టే బలహీన మనసుల కొలతతో కాదని కూడా చెప్పింది. ఆ తర్వాత 2025 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రాష్ట్రంలోని మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది. సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో రిమాండు ఇచ్చే ముందు ఈ రెండు తీర్పులనూ పాటించారో లేదో చూడాలన్నది దాని సారాంశం. మేజిస్ట్రేట్లకు విడిగా చెప్పాల్సి వచ్చిందంటే కింద ఏం జరుగుతోందో వేరే సాక్ష్యం అక్కర్లేదు.

విమర్శకుడికి ఇన్ని రక్షణలు ఉండటం న్యాయమే. కానీ రెండో పక్క, బెదిరింపుకు గురైనవాళ్ల పరిస్థితి చూస్తే మనసు చివుక్కుమంటుంది. కేంద్ర చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్‌లోని నేరాల పట్టిక ప్రకారం న్యాయ సంహిత 351 కింద బెదిరింపు ఒక్కటే ఉంటే అది పోలీసులు సొంతంగా దర్యాప్తు చేయగలిగిన నేరం కాదు. మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. అందుకే స్టేషనులో చాలామందికి ఎదురయ్యే మాట ఒకటే: ‘బ్లాక్ చేసుకోండి, ఫోన్ పక్కన పెట్టండి.’ ఆడవాళ్లకయితే దానికి ఇంకో మాట కలుస్తుంది, ‘అసలు మీరెందుకు పెట్టారమ్మా పోస్టు?’ అని. ఈ ఒక్క ప్రశ్న చాలు, ఆమె మళ్లీ స్టేషను గడప తొక్కదు.

ఆడవాళ్లకి వచ్చే బెదిరింపుల తీరే వేరు. మగవాడు రోడ్డు గురించి అడిగితే ‘నీకేం తెలుసురా’ అంటారు. అదే ప్రశ్న ఆడమనిషి అడిగితే ఆమె శరీరం మీదికి, శీలం మీదికి, పిల్లల మీదికి పోతారు. ఫొటో మార్ఫింగ్ చేస్తామంటారు. మీ అత్తగారి ఊరి గ్రూపులో పెడతామంటారు. ఆమె భయపడేది ఆ దుండగుడికి మాత్రమే కాదు, ఇంట్లోవాళ్లకి తెలిస్తే ఫోన్ లాక్కుంటారని కూడా. కాబట్టి చెప్పదు, ఖాతా మూసేస్తుంది. అలా మూసేసిన ఖాతాలను ఎవరూ లెక్కపెట్టరు. స్వేచ్ఛ మీద జరిగే చర్చల్లో అరెస్టయినవాళ్ల పేర్లు వినిపిస్తాయి, భయపడి మౌనంగా తప్పుకున్నవాళ్ల పేర్లు వినిపించవు. ఈ వ్యాసం ప్రధానంగా చెప్పదలుచుకున్నది ఇదే. బెదిరింపును శిక్షించడం వాక్ స్వాతంత్ర్యానికి కోత పెట్టడం కాదు, దాన్ని కాపాడటం.

చట్టంలో ఆమెకు దారి ఉంది. ఇంటర్నెట్‌లో ఆడమనిషి కదలికలు గమనిస్తూ వెంటపడటం న్యాయ సంహిత 78వ సెక్షను కింద, ఆమె గౌరవాన్ని అవమానించే మాటలు, సైగలు 79 కింద నేరాలు. ఈ రెండిట్లో పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి లేకుండానే దర్యాప్తు చేయవచ్చు. కేసులో అలాంటి సెక్షను ఒక్కటి ఉన్నా మొత్తం కేసును అలాగే చూడాలని బీఎన్‌ఎస్‌ఎస్ 174 చెబుతోంది. మార్ఫింగ్ చేసిన అశ్లీల ఫొటోలకు ఐటీ చట్టం 67 తోడవుతుంది. ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనయినా జీరో ఎఫ్‌ఐఆర్ తీసుకోవాలి. స్టేషనులో తీసుకోకపోతే రాతపూర్వకంగా ఎస్పీకి పంపాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. బీఎన్‌ఎస్‌ఎస్ 173(4) ఈ వరుస చెబుతోంది. జిల్లా ఎస్పీ కార్యాలయాల్లో సోమవారం జరిగే అర్జీల కార్యక్రమం కూడా పనికొస్తుంది. సైబర్ క్రైమ్ జాతీయ పోర్టల్లో ఆడవాళ్లు, పిల్లల మీద నేరాలకు పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలుంది. 1930 నంబరు ముఖ్యంగా డబ్బు మోసాలకు. ప్రాణభయం ఉంటే 112కి చేయాలి. 2025 మహిళా దినోత్సవం నాడు మార్కాపురంలో ముఖ్యమంత్రి ప్రారంభించిన శక్తి యాప్‌లో ఆపద సమయంలో నొక్కే బటన్ ఉంది.

సాక్ష్యం దగ్గర చాలా కేసులు కుంటుపడతాయి. బెదిరింపు రాగానే కోపంతోనో భయంతోనో డిలీట్ చేసేస్తారు. అలా చేయకూడదు. కామెంటు ఒక్కటే కాకుండా పైన ఉన్న పోస్టు, తేదీ, టైము కనపడేలా స్క్రీన్‌షాట్ తీయాలి. పేరు ఎప్పుడైనా మార్చుకుంటారు కాబట్టి ఆ ఖాతా లింకు కాపీ చేసి పెట్టుకోవాలి. వాయిస్ మెసేజి వస్తే అసలు ఫైలు ఉంచాలి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యం నిలబడాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం కావాలి. ఆ ఫోనే మార్చేసి, పాతది అమ్మేస్తే ఇబ్బంది. తిరిగి తిట్టకుండా ఉండటం కూడా సాక్ష్యాన్ని కాపాడుకోవడంలో భాగమే. నాలుగు తిట్లు మనం తిడితే రేపు అవతలివాడు అవే స్క్రీన్‌షాట్లతో ఎదురు కేసు పెడతాడు.

ఫార్వర్డ్ చేసినవాళ్ల మాటేమిటి? ‘నేను రాయలేదు, వచ్చింది పంపాను’ అన్నది ప్రతిసారీ కాపాడదు. మహిళా జర్నలిస్టులను కించపరిచే పోస్టును పంచుకున్న తమిళ నటుడు ఎస్.వి. శేఖర్ మీద కేసు కొట్టేయడానికి 2023లో మద్రాసు హైకోర్టు, తర్వాత సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గ్రూపు అడ్మిన్ మాత్రం ఇంకొకరు పెట్టిన పోస్టుకి అడ్మిన్ అయినంత మాత్రాన నేరస్థుడు కాడని బొంబాయి, కేరళ హైకోర్టులు చెప్పాయి. అయితే బెదిరింపు కనపడీ దాన్ని అలాగే ఉంచి, బాధితురాలినే గ్రూపు నుంచి తీసేసే అడ్మిన్లు మన ఊళ్లలో ఉన్నారు. చట్టం వాళ్లని ఏమీ అనకపోవచ్చు, ఊరు అడగాలి.

జిల్లా పోలీసు యంత్రాంగం రేపటి నుంచే మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. సోషల్ మీడియా ఫిర్యాదు రాగానే ముందు మూడు విషయాలు చూడాలి. పోస్టులో ఒక నిర్దిష్టమైన మనిషి ఉన్నారా, ఒక నిర్దిష్టమైన హాని చెప్పారా లేక స్ఫురించేలా చేశారా, అది చేయగలిగిన దగ్గరితనం గానీ బలం గానీ అన్నవాడికి ఉందా. మూడూ ఉంటే ఆ రోజే మనిషిని పంపాలి, బాధితుల ఇంటికి బీటు పెట్టాలి, మేజిస్ట్రేటు అనుమతి కావలసి వస్తే ఆ కాగితం పోలీసులే ముందుకు జరపాలి. మూడూ లేకుండా కేవలం ఒక నాయకుడికి కోపం వచ్చిన పోస్టయితే, నోటీసు ఇచ్చి, ప్రాథమిక విచారణ చేసి, నేరం లేదనిపిస్తే ఆ సంగతి ఫిర్యాదుదారుకి రాతపూర్వకంగా చెప్పాలి. ఆ ఫిర్యాదుదారు అధికార పార్టీ మండల అధ్యక్షుడైనా సరే.